మూడు గళ్ల ఫారం

ఆగస్టు 3, సోమవారం

ఇవాళ ఫారం ఇచ్చారు. అర పేజీ కాగితం. పైన పేరు, నంబరు. కింద మూడు గళ్లు. ఫైటర్, ట్రాన్స్‌పోర్ట్, హెలికాప్టర్. వీటిని మనకి నచ్చిన వరసలో రాయాలి. ఏడాదిగా ఒకే రకం ట్రైనర్ విమానం మీద పడి కొట్టుకున్న ఇరవై నాలుగు మందిమి ఇక్కడితో మూడు దారులు పడతాం. ఫైటర్లకి ఏడు సీట్లు, ట్రాన్స్‌పోర్ట్‌కి తొమ్మిది, హెలికాప్టర్లకి ఎనిమిది.

ఫారాలు పంచిన క్లర్కు గారు, ఈ కాగితాన్ని బోర్డు వాళ్లు అన్నిటికన్నా ఆఖర్న చూస్తారని చెప్పారు. ముందు మెరిట్, తర్వాత ఇన్‌స్ట్రక్టర్ రిపోర్టు, తర్వాత మెడికల్, ఆ తర్వాత ఎక్కడ మనుషులు తక్కువగా ఉన్నారో ఆ లెక్క. ఇవన్నీ అయ్యాక ఏమైనా మిగిలితే మన ఇష్టం. చెప్పి, నవ్వుకుంటూ పోయారు.

మొదటి గడిలో ఫైటర్ అని రాశాను. మెరిట్‌లో నాది మూడో స్థానం. రెండో గడిలో ఏం రాయాలో తోచక పెన్ను మూత నములుతూ కూర్చున్నాను. చివరికి ఏదో ఒకటి రాసేశాను. ఏం రాశానో ఇప్పుడు అడిగితే చెప్పలేను.

రూమ్మేట్ కంచు ఎనిమిదో స్థానం. తన గొంతు వల్ల మొదటి వారంలోనే పడిన పేరది. తను రేడియోలో మాట్లాడితే టవర్ వాళ్లు వాల్యూమ్ తగ్గించుకుంటారు. సీట్లు ఏడు, తను ఎనిమిదో మనిషి. పై ఏడుగురిలో ఒకరికి గట్టిగా జలుబు చెయ్యాలని మొక్కుకుంటున్నానంది. మళ్లీ నావైపు చూసి, నీకు కాదులే అంది.

ఆగస్టు 6, గురువారం

అమ్మ ఫోను. ఫైటర్‌లో ఎంతమంది కూర్చుంటారని అడిగింది. ఒక్కరే అన్నాను. మరి మాట్లాడ్డానికో అంది. రేడియో ఉంటుందమ్మా అన్నాను. రేడియోతో ఏం మాట్లాడతావే అంది.

అమ్మ స్కూలు బస్సు నడుపుతుంది. నాన్న చనిపోయిన ఏడాదే హెవీ లైసెన్సు తీసుకుంది. నలభై రెండు మంది పిల్లలు. అందరి గొంతులూ ఒక్కసారే వినబడితేగానీ తనకి బండి కదిలినట్టు ఉండదు.

ఆగస్టు 11, మంగళవారం

పెన్సిల్ సార్ నా ఇన్‌స్ట్రక్టర్. చెవి మీద పెన్సిల్, జేబులో మడత పెట్టిన గళ్ల నుడికట్టు. నేను తప్పు చేస్తే వెనక సీట్లోంచి తిట్టరు. పెన్సిల్ గీసిన చప్పుడు మాత్రం ఇంటర్‌కామ్‌లో వినబడుతుంది. ఆ చప్పుడు కన్నా తిట్లే నయం.

ఇన్ని నెలల్లో నన్ను రెండుసార్లు మెచ్చుకున్నారు. ఒకసారి ఊఁ అన్నారు. ఇవాళ సరే అన్నారు. రెండు విమానాలు పక్కపక్కనే ఎగిరే ఫార్మేషన్ ఫ్లయింగ్ అయ్యాక విమానం దిగి, హెల్మెట్ తీస్తూ, అటు తిరిగి అన్నారు. అయినా నాకు వినబడింది. భోజనాల దగ్గర కంచు నా పళ్లెంలోకి తన స్వీటు కూడా తోసేసింది. ఇక నీ సీటు నీదే అంది.

ఆగస్టు 18, మంగళవారం, సాయంత్రం 5:15

గది తలుపు గడియ పెట్టి రాస్తున్నాను.

ఒంటరిగా ఏరోబాటిక్స్. పదిహేడో నంబరు విమానం. పొద్దున సగం బ్రెడ్డు ముక్క తిన్నాను, మధ్యాహ్నం అదీ లేదు. గాల్లో నిలువుగా గుండ్రం కొట్టే లూప్ కోసం ముక్కు కిందికి దించి, వేగం అందుకుని, స్టిక్ లాగాను. లాగేటప్పుడు కాళ్లూ పొట్టా బిగించాలి, ఊపిరి బిగబట్టి వదలాలి. లేకపోతే నెత్తురు తలలోంచి కాళ్లలోకి దిగిపోతుంది. వందసార్లు చేశాను. ఇవాళ బిగించడం ఆలస్యమైంది. రంగులు పోయాయి. తర్వాత చూపు గొట్టంలోంచి చూసినట్టయింది. తర్వాత ఏమీ లేదు.

మళ్లీ కళ్లు తెరిచేసరికి అద్దం నిండా పొలాలు. ఎన్ని సెకన్లు పోయానో తెలీదు. ప్రాణభయంతో లాగాను. నేను లాగానని కూడా అనలేను, చేతులు లాగాయి. బయటపడ్డాక ఎత్తు చూస్తే రెండువేల ఒకవంద అడుగులు. మూడువేలకి కిందికి రాకూడదు.

విమానం మీద పడే ఒత్తిడిని కొలిచే జీ-మీటర్లో రెండు ముళ్లు ఉంటాయి. ఒకటి తిరిగి వచ్చేస్తుంది. రెండోది మనం ఎంత గట్టిగా లాగామో అక్కడే ఆగిపోతుంది, కింద దిగాక టెక్నీషియన్ చూసి రాసుకోవడానికి. ఈ విమానానికి హద్దు ఆరు. ముల్లు ఆరు పాయింట్ ఎనిమిది దగ్గర ఉంది.

ఇంజన్ ఆపేముందు ఆ ముల్లుని వెనక్కి తెచ్చే బటన్ నొక్కాను. ముల్లు కిందికి పడిపోయింది.

లాగ్‌బుక్కులో లోపాలేమీ లేవని రాసి సంతకం పెట్టాను.

ఆగస్టు 18, సాయంత్రం 6:30

కంచు ఏమైందని అడిగింది. ఎండ దెబ్బ అన్నాను. నిమ్మరసం కలిపి తెచ్చింది. తాగాను.

ఆగస్టు 19, బుధవారం, ఉదయం 5:50

బోర్డు మీద ఇవాళ్టి వరస చూశాను. పది నలభై. ఒంటరిగా ఏరోబాటిక్స్. పదిహేడో నంబరు. పేరు కంచుది.

ఆగస్టు 19, మధ్యాహ్నం 2:00

జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఆరుంపావుకి పెన్సిల్ సార్ క్రూ రూములో టీ తాగుతున్నారు. గుమ్మం దగ్గరే నిలబడి అంతా ఒక్క గుక్కలో చెప్పేశాను. కళ్లు చీకట్లు కమ్మడం, పొలాలు, ముల్లు, బటన్, సంతకం. పదిహేడో నంబరు కంచుకి ఇచ్చారని కూడా.

సార్ కప్పు కింద పెట్టారు. నేరుగా ఫోను దగ్గరికి వెళ్లారు. పదిహేడుని ఆపండి, హ్యాంగర్లోకి లాగండి, నేను వచ్చేదాకా ఎవరూ ముట్టుకోవద్దు అన్నారు. అప్పుడు వచ్చి కుర్చీ చూపించి, మళ్లీ మొదట్నుంచి చెప్పు, నెమ్మదిగా చెప్పు అన్నారు.

అంతా విని ఒక్కటే అడిగారు. ముల్లు ఎంత దగ్గర ఉంది. ఆరు పాయింట్ ఎనిమిది అన్నాను. ఎనిమిదేనా, సరిగ్గా చూశావా. చూశాను సార్. జేబులోంచి పెన్ను తీసి రాసుకున్నారు. ఆయన చేతిలో పెన్ను చూడడం అదే మొదటిసారి.

ఇక విమానం ఎక్కవద్దు, డాక్టరు చెప్పేదాకా అన్నారు. ఎందుకు చేశావని అడగలేదు. అడిగితే చెప్పడానికి నా దగ్గర ఉన్నది ఆ మొదటి గడి ఒక్కటే. ఆయనకది తెలియకపోవడమేం ఉండదు.

తొమ్మిదింటికి కంచుకి నేనే చెప్పాను. తను ఫ్లయింగ్ సూట్ వేసుకుని బూట్లు కట్టుకుంటోంది. విన్నాక ఎంతసేపు దాచావని అడిగింది. నిన్న మధ్యాహ్నం నాలుగింటి నుంచి అన్నాను. నిమ్మరసం తెచ్చినప్పుడు కూడా తెలుసన్నమాట అంది. తెలుసన్నాను.

ఒక బూటు కట్టుకుని, రెండోది చేత్తో పట్టుకుని బయటికి వెళ్లిపోయింది.

ఆగస్టు 20, గురువారం

మెకానిక్ బాబాయ్ రమ్మని కబురు పెట్టాడు. అందరం ఆయన్ని బాబాయ్ అనే అంటాం, కమాండెంట్ గారు కూడా. పదిహేడుకి ఒళ్లంతా విప్పేసి ఉంది. తిట్టడానికి పిలిచాడనుకున్నాను. టార్చి చేతికిచ్చి, ఇక్కడ పట్టుకో అన్నాడు. మూడు గంటలు పట్టుకున్నాను. చెయ్యి పడిపోతుంటే చేతులు మార్చుకున్నాను. ఆయన రెక్క మొదట్లో ఒక్కో రివెట్టునీ వేలితో తడుముతూ పోతున్నాడు, పసిబిడ్డకి జ్వరం చూసినట్టు.

ఎడమ రెక్క కింద ఒకచోట వేలు ఆగింది. టార్చి దగ్గరికి తెమ్మన్నాడు. రేకు మీద చూపుడువేలంత పొడుగున చిన్న ముడత. పక్కన నాలుగు రివెట్లు వదులు.

ఇలాగే ఎగిరితే ఏమయ్యేదని అడిగాను. పదిసార్లు ఏమీ అయ్యేది కాదేమో, పదకొండోసారి తెలీదు, లేకపోతే మొదటిసారే తెలిసేదేమో, ఇనుముకి నోరుండదు కదమ్మా అన్నాడు. నీకుంది, వాడావు, ఇక పోయి అన్నం తిను అన్నాడు.

హ్యాంగర్ వెనక్కి వెళ్లి ఏడ్చాను. బాబాయ్ టార్చి నా చేతిలోనే ఉండిపోయింది. తిరిగి ఇవ్వడానికి వెళితే ముఖం చూసి, బ్యాటరీలు ఉన్నాయా చూడు అన్నాడు, ఇంకేం అడగకుండా.

ఆగస్టు 21, శుక్రవారం

మెడికల్. నెత్తురు తీశారు, ఛాతీకి వైర్లు అంటించారు, బల్లకి కట్టి నిలువునా లేపారు. నాలుగు గంటలు. బయటికి వస్తే వరండాలో బెంచీ మీద పెన్సిల్ సార్, నుడికట్టు నింపుకుంటూ. ఎప్పుడొచ్చారని క్లర్కుని అడిగితే నేను లోపలికి వెళ్లినప్పట్నుంచీ అక్కడే ఉన్నారట. మీరు ఉండక్కర్లేదండీ అని చెప్పాడట. ఇక్కడ ఫ్యాను బాగుంది అన్నారట.

ఆ ఫ్యాను నేనూ చూశాను. తిరగడం లేదు.

ఆగస్టు 23, ఆదివారం

కంచు మాట్లాడక ఐదో రోజు. తను మాట్లాడకపోతే ట్యూబ్‌లైట్ చప్పుడు వినబడుతుందని ఇప్పుడే తెలిసింది.

ఆగస్టు 27, గురువారం

మనుషుల్ని గిర్రున తిప్పే యంత్రం ఉన్న చోటికి పంపారు. పొడుగాటి చెయ్యి, చివర ఒక డబ్బా, అందులో నేను. ఈసారి కడుపు నిండా తిన్నాను. కాళ్లు బిగించాను. ఊపిరి పాఠంలో చెప్పినట్టే పట్టాను. మిగతావాళ్లు ఆగేచోటికన్నా బాగా ముందే నాకు చీకటి పడిపోయింది. రెండోసారీ అంతే.

డాక్టరమ్మ బొమ్మ గీసి చెప్పారు. నాకు గుండెకీ తలకీ మధ్య దూరం ఎక్కువట. నెత్తురు అంత పైకి ఎక్కాలంటే దానికి ఆయాసం వస్తుందట. రోగం కాదు, ఒంటి తీరు అంతే అన్నారు. ట్రాన్స్‌పోర్ట్ నడపొచ్చు, హెలికాప్టర్ నడపొచ్చు, ఫైటర్ మాత్రం వద్దు. ఎప్పటికీనా అని అడిగాను. ఎప్పటికీ అన్నారు.

ఇదే ఫైటర్‌లో జరిగి ఉంటే మనం ఇలా మాట్లాడుకునేవాళ్లం కాదు అన్నారు ఆవిడ. అన్నాక, నా రిపోర్టు మీద కాకుండా నా మోచెయ్యి మీద కాసేపు చెయ్యి ఉంచారు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఫైటర్ అనే మాట మనసులో అనుకుంటూ వచ్చాను, ఎంతసేపటికి నొప్పి తగ్గుతుందో చూద్దామని. తగ్గలేదు. ఆకలి మాత్రం వేసింది. దిగి రెండు ప్లేట్లు తిన్నాను.

ఆగస్టు 31, సోమవారం

కమాండెంట్ గారి గది. నేను అటెన్షన్‌లో, పెన్సిల్ సార్ నా పక్కన.

కళ్లు చీకట్లు కమ్మడం నా తప్పు కాదు, అది ఒంటి సంగతి అన్నారు కమాండెంట్ గారు. తిండి మానేసి ఎక్కడం తప్పు, చిన్నది. బటన్ నొక్కడం పెద్దది. ఆ బటన్ మీద మీ స్నేహితురాలి ప్రాణం ఉంది అన్నారు. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండును అనిపించింది.

పెన్సిల్ సార్ మాట్లాడతానని అనుమతి అడిగారు. ఆ విమానం పది నలభైకి ఎగరాలి, ఈ అమ్మాయి ఆరుంపావుకి వచ్చింది, ఎవరూ అడక్కుండా వచ్చింది, రేపు నన్ను తనతో ఎక్కమంటే ఎక్కుతాను అన్నారు. ముందురోజు నాలుగింటికి కూడా రావచ్చుగా అన్నారు కమాండెంట్ గారు. రావచ్చు అన్నారు సార్. ఆయన నన్ను వెనకేసుకు రాలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పి పక్కన నిలబడ్డారు.

ఇంటికి పంపేస్తారనే అనుకున్నాను. పెట్టె సగం సర్దుకునే వెళ్లాను. పంపలేదు. మార్కులు కోశారు. మూడో స్థానం నుంచి పన్నెండుకి పడ్డాను. రికార్డులో ఒక కాగితం చేరింది, ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఉంటుంది. ఉండనీ. నేను రాయాల్సిన కాగితమే అది, ఆయన రాశారు.

గదికొచ్చి పెట్టె విప్పుతుంటే కంచు నోరు విప్పింది. మడతలు సరిగ్గా పెట్టలేదు, ఇటివ్వు అంది. నా చొక్కాలన్నీ మళ్లీ మడతపెట్టింది, ఒక్కోటి విసురుగా. మధ్యలో ఒకసారి ఆగి, పదిహేడు ఎక్కి ఉంటే లూపే మొదట చేసేదాన్ని అంది. తెలుసు అన్నాను. నిన్ను ఇంకా పూర్తిగా క్షమించలేదు, కానీ మాట్లాడకుండా ఉండడం నా వల్ల కావట్లేదు, గొంతు పట్టేస్తోంది అంది.

ఇద్దరం నవ్వాం. తను ముందు ఆపేసింది. పర్వాలేదు.

సెప్టెంబరు 4, శుక్రవారం

బోర్డు. ఒక్కొక్కర్నీ లోపలికి పిలిచి చీటీ ఇచ్చారు. నా చీటీలో ట్రాన్స్‌పోర్ట్. పక్కనే నా ఫారం పెట్టుకున్నారు. రెండో గడిలో నేను రాసింది కూడా ట్రాన్స్‌పోర్టే. నీ రెండో ఇష్టం దొరికింది, అదృష్టవంతురాలివి అన్నారు బోర్డులో పెద్దాయన, మనస్ఫూర్తిగానే. థాంక్యూ సార్ అన్నాను. అప్పటికి నాది మాట వరసకి.

నేను కిందికి జారడంతో కంచు ఏడో మనిషి అయింది. ఆఖరి ఫైటర్ సీటు తనది. చీటీ పట్టుకుని గదిలో తలుపు వేసుకుని కూర్చుంది. బయట అందరూ గంతులేస్తున్నారు, తను తప్ప. వెళ్లి తలుపు కొట్టాను. ఇది నీది అంది. కాదు, నా గుండెకీ తలకీ దూరం ఎక్కువ అన్నాను. నీ వల్ల పోయేదాన్ని, నీ వల్లే సీటొచ్చింది, ఏం అనుకోవాలో తెలీట్లేదు అంది. ఏమీ అనుకోకు, గట్టిగా అరిచెయ్, నువ్వు అరిచి పదిహేను రోజులైంది అన్నాను.

అరిచింది. కింది అంతస్తు వాళ్లు పైకి వచ్చారు, ఎవరికేమైందోనని.

నిజం రాస్తాను. తను అరుస్తుంటే నాకు సంతోషమూ వేసింది, లోపల ఒకచోట కలుక్కుమంది కూడా. కానీ తను బతికి ఉండి అరుస్తోంది. దానిముందు ఆ కలుక్కు ఎంత.

సెప్టెంబరు 5, శనివారం

అమ్మకి ఫోను చేసి అంతా చెప్పాను, బటన్‌తో సహా. ముందు, తల తిరిగినప్పుడు పక్కకి తీసి ఆపలేకపోయావా అంది. ఆకాశంలో పక్క ఉండదమ్మా అన్నాను. తర్వాత, వాళ్లు పట్టుకున్నారా, నువ్వు చెప్పావా అని అడిగింది. నేనే చెప్పాను, ఆలస్యంగా అన్నాను. ఈసారి ఆలస్యం చెయ్యకు అంది. అంతే. ఆ గొంతులో కోపం లేదు, జాలీ లేదు. పొద్దున్నే బ్రేకులు చూసుకునే మనిషి మాట.

కొత్త దాంట్లో ఎంతమంది పడతారంది. తొంభై అన్నాను. వెంటనే పక్కన ఎవరికో చెప్పడం వినబడింది, తొంభై, నా దానికి రెట్టింపు పైనే అని. నేను ఫోను పెట్టేలోపు డిపో అంతా తెలిసిపోయింది. ఎవరో తలుపులు ఎన్ని అని కూడా అడిగించారు.

సెప్టెంబరు 8, మంగళవారం

మళ్లీ విమానం ఎక్కించారు, ఇరవై రోజుల తర్వాత. పెన్సిల్ సార్ వెనక సీట్లో. పొద్దున నాలుగు ఇడ్లీలు తిన్నాను. లెక్కపెట్టింది నేను కాదు, ఆయనే, మెస్‌లో ఎదురుగా కూర్చుని.

పైకి వెళ్లాక, నీ చేతికిస్తున్నా అన్నారు. తర్వాత ఇంటర్‌కామ్‌లో పెన్సిల్ చప్పుడు. ఏం తప్పు చేశానా అనుకున్నాను. స్పీడు చూశాను, ఎత్తు చూశాను, అంతా సరిగ్గానే ఉంది. చాలాసేపటికి సార్ గొంతు వినబడింది. మూడక్షరాలు, ఒంటె వీపు మీద ఉంటుంది, ఏంటది అని.

మూపురం సార్ అన్నాను.

ఊఁ అన్నారు. గీసుకున్నారు. గంటసేపు ఒక్కసారి కూడా తల ఎత్తి చూసినట్టు లేరు. విమానం నాకొదిలేసి నుడికట్టు నింపుకున్నారు.

ఇన్నేళ్లలో నాకెవరూ ఇంత పెద్ద మాట చెప్పలేదు.

సెప్టెంబరు 12, శనివారం

మూడు బస్సులు, మూడు దారులు. కంచు తన బస్సు కిటికీలోంచి ఏదో అరిచింది. ఇంజన్ చప్పుడులో తన మాట వినబడకపోవడం ఇదే మొదటిసారి. సార్ రాలేదు. కొత్త బ్యాచ్ వచ్చిందట, వాళ్ల మొదటి ఫ్లయింగ్ ఇవాళే.

బాబాయ్ వచ్చాడు. పదిహేడు నిన్న ఎగిరిందని చెప్పాడు. బాగుందా అన్నాను. నీకన్నా బాగుంది, నువ్వు తిను ముందు అన్నాడు.

జనవరి 20, బుధవారం

ట్రాన్స్‌పోర్ట్ స్కూల్లో ఐదో నెల. ఇక్కడ ఎవరూ ఒంటరిగా ఎగరరు. ఒకరు చదువుతారు, ఒకరు చేస్తారు, ఒకరు చూస్తారు. నేను తప్పు చేస్తే చెప్పడానికి ఇద్దరున్నారు, వాళ్లు చేస్తే చెప్పడానికి నేనున్నాను. మొదట్లో కాపలా పెట్టినట్టు అనిపించేది. ఇప్పుడు వీపు వెనక గోడ ఉన్నట్టుంది.

అక్టోబరు 6, బుధవారం

కొండల్లో దారి తెగిపోయిన ఊరి నుంచి అరవై ముగ్గుర్ని తెచ్చాం. ఒక ముసలావిడ శాలువలో కోడిని దాచుకుని ఎక్కింది. విమానంలోకి ఎక్కే బరువులు చూసే లోడ్‌మాస్టర్ చూడనట్టే ఉండి, బరువుల షీటులో చేతిసంచి, రెండు కిలోలు అని రాశాడు.

పదిహేను వేల అడుగుల్లో కోడి గుడ్డు పెట్టింది. బండి నడిపేవాళ్లకి ఇమ్మని ముసలావిడ ముందుకి పంపింది. కెప్టెన్ దాన్ని నా చేతిలో పెట్టాడు. ఇంకా వెచ్చగా ఉంది. భుజం జేబులో పెట్టుకున్నాను.

ల్యాండింగ్ నాది. గుడ్డు పగల్లేదు.